పన్ను విరగ్గొడితే బెయిలబుల్, బండి ఎత్తుకుపోతే నాన్ బెయిలబుల్. ఈ లెక్క ఎవరైనా చెప్తారా?

చలిచీమ:

నెల రోజులుగా బుర్రలో తిరుగుతున్న విషయం, తెలిసినవాళ్లు ఎవరైనా ఓపిగ్గా చెప్పండి.

మా బాబాయికీ పక్క చేను ఆయనకీ గట్టు దగ్గర గొడవైంది. మాటా మాటా పెరిగి ఆయన పిడికిలితో మా బాబాయి మూతి మీద గుద్దాడు. ముందు పన్ను సగానికి విరిగింది, పెదవి చీలింది. వెంటనే స్టేషన్‌కి వెళ్తే "ఇది మామూలు దెబ్బల కేసు, కోర్టు పర్మిషన్ లేకుండా మేం దర్యాప్తు చేయలేం" అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి వూండ్ సర్టిఫికెట్ వచ్చింది, అప్పుడు ఎఫ్‌ఐఆర్ కట్టారు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 117(2) అని రాశారు. ఏడేళ్ల వరకు శిక్ష ఉందట. సరే, న్యాయం జరుగుతుంది అనుకునేలోపు ఆ మనిషి అదే సాయంత్రం స్టేషన్ బెయిల్ మీద ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ నెలలోనే మా తమ్ముడి బండి పోయింది. దొంగ దొరికాడు. అది మూడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసేనట, కానీ నాన్ బెయిలబుల్, రిమాండ్‌కి పంపారు. మా బాబాయి అప్పట్నుంచీ ఒకటే మాట, "నా పన్ను కంటే ఇనుప బండి ఎక్కువైందా" అని. నా దగ్గర సమాధానం లేదు.

అసలు మన చట్టంలో పెద్ద నేరం, చిన్న నేరం అని ఎలా విడదీస్తారు? అమెరికా వార్తల్లో ఫెలనీ, మిస్‌డిమీనర్ అంటుంటారు కదా, మనకి అలాంటిది ఉందా లేదా?


నల్లకోటు17:

నేను కింది కోర్టుల్లో క్రిమినల్ కేసులే చూస్తాను. మీ బాబాయి అడిగిన ప్రశ్న మా క్లయింట్లలో సగం మంది అడుగుతారు, తప్పేం లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ లేబుళ్లన్నీ ఒకే తరాజులో తూచినవి అనుకుంటాం. కాదు. ఒక్కో లేబుల్ ఒక్కో వేరే ప్రశ్నకి జవాబు.

కాగ్నిజబుల్ అంటే పోలీసులు కోర్టుని అడక్కుండానే దర్యాప్తు మొదలుపెట్టొచ్చా, వారంట్ లేకుండా పట్టుకోవచ్చా అన్న ప్రశ్న. బెయిలబుల్ అంటే పూచీకత్తు ఇస్తే వదిలిపెట్టడం ముద్దాయి హక్కా, లేక జడ్జి ఇష్టానికి వదిలిన విషయమా అన్న ప్రశ్న. రాజీకి వీలున్నదా లేదా అన్నది మూడోది, అంటే దెబ్బ తిన్న మనిషి "నాకు చాలు" అంటే కేసు ఆగుతుందా అని. ఏ కోర్టు విచారిస్తుంది అన్నది నాలుగోది. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలిసే నడవాలని ఎక్కడా లేదు.

ఇవన్నీ ఉండేది బీఎన్‌ఎస్‌లో కాదు, భారతీయ నాగరిక సురక్షా సంహిత చివర ఉన్న మొదటి షెడ్యూల్‌లో (రాజీ సంగతి ఒక్కటే 359వ సెక్షన్‌లో విడిగా ఉంటుంది). ఆ షెడ్యూల్ ఒకసారి తెరిచి చూడండి, పెద్ద పట్టిక. ఎడమ పక్క సెక్షన్ నంబరు, తర్వాత నేరం, శిక్ష, కాగ్నిజబులా కాదా, బెయిలబులా కాదా, ఏ కోర్టు. వరసలో ప్రతి నేరానికీ చేత్తో రాసినట్టు విడివిడిగా నిర్ణయించి పెట్టారు. శిక్ష ఇన్నేళ్లు దాటితే నాన్ బెయిలబుల్ అనే సూత్రం బీఎన్‌ఎస్ నేరాలకి లేదు. అందుకే 117(2) అంటే తీవ్ర గాయం, ఏడేళ్ల దాకా శిక్ష, కాగ్నిజబుల్, కానీ బెయిలబుల్. 303(2) అంటే దొంగతనం, మూడేళ్ల దాకా, కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. 1973 నాటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఐపీసీ 325, 379 సెక్షన్లకి కూడా ఇదే ఉండేది. కొత్త చట్టాలు 2024 జులై 1 నుంచి వచ్చినా ఈ రెండు వరసలు మారలేదు.

ఎందుకలా అంటే పట్టికలో కారణం రాసి ఉండదు. నాకు అనిపించేది చెప్తాను: కొట్టినవాడు సాధారణంగా తెలిసిన మనిషి, ఇల్లూ పొలం అక్కడే, ఎక్కడికీ పోడు. దొంగ అలా కాదు, వదిలితే మళ్లీ దొరకడం కష్టం, సొత్తు కూడా చేతులు మారిపోతుంది. బెయిల్ అనేది నేరం ఎంత పెద్దదో చెప్పే కొలత కాదు, ఈ మనిషి వాయిదాకి వస్తాడా అన్న ఆలోచన నుంచి పుట్టింది. అలాగని ఈ పట్టిక అంతా సరిగ్గా ఉందని నేను అనను. ఒంటి మీద పడిన దెబ్బ కంటే ఆస్తికి ఎక్కువ కాపలా పెట్టినట్టు కనిపించే వరసలు ఇంకా ఉన్నాయి, మీ బాబాయి బాధలో న్యాయం ఉంది.

స్టేషన్‌లో మొదట తిప్పి పంపడం మాత్రం చట్ట ప్రకారం సగం సరే, సగం కాదు. మామూలు గాయం అంటే 115(2), అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా దర్యాప్తు చేయకూడదు నిజమే. కానీ మీరు చెప్పింది రిజిస్టర్‌లో రాసుకుని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమని చెప్పాలి, నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్ అదే చెప్తోంది. ఊరికే పొమ్మనకూడదు. పైగా ఒకే ఘటనలో నాలుగు నేరాలుండి అందులో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా కేసంతా కాగ్నిజబుల్ కిందే లెక్క. పన్ను విరిగిందని మొదటి రోజే కళ్లకి కనబడుతున్నప్పుడు సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2013లోనే చెప్పింది. ఇప్పుడు కొత్త కోడ్‌లో మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకి, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు ఇచ్చారు. అది వేరే సంగతి, 117(2)కి పూర్తి ఏడేళ్లు కాబట్టి అది వర్తించదు కూడా.


రెండోగంట:

మా ఊళ్లో అందరూ చెప్పేది, నాన్ బెయిలబుల్ పెట్టారంటే ఇక బెయిల్ రానట్టే అని. అలాంటప్పుడు ఆ బండి దొంగ ఇక మూడేళ్లు లోపలే కదా, మీ తమ్ముడు నిశ్చింతగా ఉండొచ్చు.


నల్లకోటు17:

రెండోగంట గారూ, అందరూ అనుకునేది అదే, కానీ అది తప్పు. ఈ ఒక్క అపోహ వల్ల మనుషులు అటూ ఇటూ ఎంత డబ్బు పోగొట్టుకుంటారో నేను చూశాను. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు. స్టేషన్‌లో హక్కుగా అడగలేం, కోర్టులో పిటిషన్ వేసుకోవాలి, జడ్జి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. రోజూ ఇస్తూనే ఉంటారు.

ఇంకా ఉంది. పోలీసులు 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కే అవుతుంది, పదేళ్లు అంతకంటే పెద్ద శిక్ష ఉన్న నేరాలైతే 90 రోజులు. మొదటిసారి నేరంలో ఇరుక్కున్న మనిషి గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపేస్తే, విచారణ పూర్తి కాకపోయినా వదలాలని అదే సంహిత 479వ సెక్షన్ చెప్తోంది (మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది లేదు, వేరే కేసులు కూడా పెండింగ్‌లో ఉంటే వర్తించదు). అసలు ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్ట్ చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఇప్పుడు చాలా కేసుల్లో నోటీసు ఇచ్చి పిలుస్తారు. స్టేషన్లలో ఇంకా "41ఏ నోటీసు" అనే అంటారు, కొత్త కోడ్‌లో అది 35(3).

నిజంగా బెయిల్ దొరకడం గగనమయ్యేది ప్రత్యేక చట్టాల్లో. మత్తు పదార్థాల చట్టంలో 37వ సెక్షన్, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టంలో 43డీ(5) చదివితే తెలుస్తుంది, అక్కడ జడ్జి చేతులు కూడా కట్టేసినట్టే ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ముందస్తు బెయిల్‌కే అడ్డు ఉంది.


తాళపత్రం:

నేను లా కాలేజీలో క్రిమినల్ లా చెప్తాను. నల్లకోటు గారు ప్రొసీజర్ వైపు నుంచి చెప్పారు. నేను ఆ పన్ను దగ్గరే ఆగుతాను, ఎందుకంటే నేరం నిర్వచనం అంటే ఏమిటో ఆ ఒక్క పన్ను చూపించి చెప్పొచ్చు.

పన్ను విరిగింది. అది జరిగిన పని. చట్టం అంతటితో ఆగదు, గుద్దినవాడి మనసులో ఏముందో కూడా అడుగుతుంది. బీఎన్‌ఎస్ 116లో తీవ్ర గాయం అంటే ఏమేం వస్తాయో జాబితా ఉంది. చూపు పోవడం, వినికిడి పోవడం, ఎముక గానీ పన్ను గానీ విరగడం, ఊడిపోవడం, 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడటం ఇలా (పాత ఐపీసీలో ఇది 20 రోజులు). పన్ను ఆ జాబితాలో పేరు పెట్టి మరీ ఉంది కాబట్టి మీ బాబాయిది మామూలు దెబ్బ కాదు. కానీ 117 ఇంకో మాట అంటుంది. తీవ్ర గాయం జరిగితే చాలదు, అలాంటి గాయం చేయాలనే ఉద్దేశమో, అలా జరగొచ్చనే తెలివిడో కొట్టినవాడికి ఉండాలి. మూతి మీద బలంగా పిడికిలితో గుద్దితే పన్ను పోతుందని ఎవరికైనా తెలుసు, అందుకని 117(2).

ఇప్పుడు అదే పన్ను, వేరే కథ. ఆయన కోపంతో కాదు, ఎద్దు మీదికొస్తుంటే అదాటున చెయ్యి విసిరాడు, జాగ్రత్తగానే ఉన్నాడు, అది మీ బాబాయికి తగిలింది: ప్రమాదం, 18వ సెక్షన్, నేరమే కాదు. అజాగ్రత్తగా, పక్కన మనిషున్నాడని చూడకుండా పార విసిరితే తగిలింది: 125(బి), మూడేళ్ల దాకా. మీ బాబాయే ముందు ఘోరంగా రెచ్చగొడితే ఆ క్షణంలో అదుపు తప్పి కొట్టాడు: 122(2), అయిదేళ్ల దాకా. మీ బాబాయి కొడవలి ఎత్తితే ప్రాణం కాపాడుకోవడానికి గుద్దాడు: ఆత్మరక్షణ, నేరం కాదు. విరిగింది అదే పన్ను, కారింది అదే నెత్తురు, చట్టం దృష్టిలో అయిదు వేర్వేరు సంగతులు. మా పిల్లలకి మొదటి వారం ఇదే చెప్తాను, సెక్షన్ నంబర్లు బట్టీ పట్టేముందు గట్టు మీద నిలబడి ఏం జరిగిందో చూడమంటాను.

ఆస్తి నేరాల్లోనూ అంతే, ఒకే వస్తువు మెట్లు ఎక్కుతూ పోతుంది. జేబులోంచి తెలియకుండా ఫోన్ తీస్తే దొంగతనం. చేతిలోంచి లాక్కుని పారిపోతే స్నాచింగ్, 304, ఇది ఐపీసీలో విడిగా లేదు, కొత్తగా పెట్టారు. దెబ్బ కొట్టో, కొడతానని అప్పటికప్పుడు భయపెట్టో తీసుకుంటే దోపిడీ, 309. అదే పని అయిదుగురు లేక అంతకంటే ఎక్కువ మంది కలిసి చేస్తే బందిపోటు, 310. నలుగురైతే దోపిడీ, అయిదో మనిషి చేరితే బందిపోటు. సాధారణంగా నేరానికి సిద్ధమవడం వరకు శిక్ష లేదు, ప్రయత్నం మొదలైతేనే. బందిపోటుకి మాత్రం సిద్ధపడటమే నేరం. ఇక కింది మెట్టు కూడా చూడండి, 5,000 రూపాయల లోపు వస్తువు, మొదటిసారి దోషిగా తేలినవాడు, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే జైలు కాకుండా సమాజ సేవ శిక్ష, అది నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ కూడా. కొత్త చట్టంలో నాకు నచ్చిన వాటిలో ఇదొకటి.

ఫెలనీ సంగతి. అమెరికా కేంద్ర చట్టంలో ఏడాది మించి శిక్ష పడే నేరం ఫెలనీ, ఆ లోపు మిస్‌డిమీనర్. ఈ మాటలు ఇంగ్లండ్‌లో పుట్టాయి, అక్కడే 1967లో ఆ తేడా తీసేశారు. మనకి ఆ పేర్లతో లేదు. దగ్గరగా ఉన్నది వారంట్ కేసు, సమన్స్ కేసు అనే విభజన, రెండేళ్లు దాటి శిక్ష ఉంటే వారంట్ కేసు, విచారణ పద్ధతి మారుతుంది అంతే. నేరం బరువు చూసి పేర్లు పెట్టిన చట్టం మనకి ఒకటుంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. మూడేళ్ల దాకా అయితే చిన్న నేరం, మూడు నుంచి ఏడేళ్లయితే తీవ్ర నేరం, కనీస శిక్షే ఏడేళ్లు అంతకుమించి ఉంటే ఘోర నేరం. మరి గరిష్ఠం ఏడేళ్లు దాటి, కనీసం అంటూ ఏమీ చెప్పని నేరాలు ఎక్కడికి పోతాయి? చట్టం రాసినప్పుడు అవి మధ్యలో పడిపోయాయి. 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు వాటిని తీవ్ర నేరాలుగానే చూడమంది. పదహారేళ్లు దాటిన పిల్లాణ్ణి పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది ఆ పేరు మీద ఆధారపడి ఉంటుంది, అందుకే ఇది మాటల గొడవ కాదు, ఒక పిల్లాడి జీవితం.


మూడోకన్ను:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటిదే. తెలిసినతనికి చేబదులు ఇచ్చాను, చెక్కు రాసిచ్చాడు, బ్యాంకులో వేస్తే బౌన్స్ అయింది. స్టేషన్‌లో "ఇది సివిల్, మాకు సంబంధం లేదు" అన్నారు. చెక్కు బౌన్స్ నేరం అంటారు కదా, మరి పోలీసులు ఎందుకు తీసుకోరు?


నల్లకోటు17:

నేరమే. కానీ కాగ్నిజబుల్ కాదు, బెయిలబుల్, రాజీకి వీలున్నది. అందుకే పోలీసుల దగ్గర పని జరగదు, మీరే కోర్టులో ఫిర్యాదు వేయాలి. బ్యాంకు మెమో మీ చేతికొచ్చిన 30 రోజుల్లో లీగల్ నోటీసు పంపండి, అది అందాక అతనికి 15 రోజులు గడువు, అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. రేపు చూద్దాం, ఎల్లుండి ఇస్తానన్నాడు అని ఈ తేదీలు పోగొట్టుకోకండి, దయచేసి. నా దగ్గరికి వచ్చే వాటిలో తేదీలు దాటినవే నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి. శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా చెక్కు మొత్తానికి రెండింతల దాకా ఉంది.

చీటింగ్ కేసు పెట్టొచ్చా అని తర్వాత అడుగుతారు, ముందే చెప్తాను. అప్పు తీసుకుని తీర్చలేకపోవడం మోసం కాదు. తీసుకునే రోజే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉండాలి, సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో ఈ మాట స్పష్టంగా అంది, ఆ తర్వాతా చాలాసార్లు అంది. దొంగ పేరు, దొంగ కాగితాలు చూపించి తీసుకుంటే వేరు. వ్యాపారం దెబ్బతిని ఇవ్వలేకపోతే అది సివిల్ కోర్టులో డబ్బు రాబట్టుకునే దావా.


చలిచీమ:

అందరికీ చాలా థ్యాంక్స్. తాళపత్రం గారు రాసింది మా బాబాయికి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. ఎద్దు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. పన్ను పేరు చట్టంలో ఉందనగానే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే రాసుకున్నారన్నమాట" అన్నాడు. బెయిల్ వచ్చిందంటే కేసు పోయినట్టు కాదని ఆయనకి ఇప్పుడు అర్థమైంది, నాకు అదే చాలా పెద్ద రిలీఫ్.

రెండు చిన్న సందేహాలు. కోర్టు కాగితం మీద సీసీ అని నంబరుంది. మా ఊళ్లో ఒక హత్య కేసు కాగితం మీద పీఆర్‌సీ అని చూశాను. అది కూడా ఈ తరగతుల్లో భాగమేనా? ఇంకోటి, పెద్దమనుషులు రాజీ అంటున్నారు. 117(2) రాజీకి కుదురుతుందా?


నల్లకోటు17:

భాగమే. సీసీ అంటే క్యాలెండర్ కేసు, మేజిస్ట్రేటే విచారించి తీర్పు చెప్తారు. పీఆర్‌సీ అంటే సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాల్సిన నేరం, కాగితాలు ముందు మేజిస్ట్రేట్ దగ్గరకొచ్చి, అక్కణ్ణుంచి పైకి పంపిస్తే ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసు నంబరు పడుతుంది. నేను ఏ కేసు కట్ట చేతికి తీసుకున్నా ముందు చూసేది ఆ అక్షరాలే.

రాజీ కుదురుతుంది, కానీ 117(2)కి కోర్టు అనుమతి కావాలి, అడగాల్సింది దెబ్బ తిన్న మీ బాబాయే. వేరేవాళ్లు ఆయన తరఫున ఒప్పుకుంటే చెల్లదు. ఒక్కసారి రాజీ రికార్డయితే ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేసినట్టే, మళ్లీ తెరవడం ఉండదు. కాబట్టి పళ్ల డాక్టర్ ఖర్చు, గట్టు ఎక్కడిదాకా అన్న సంగతి ముందే కాగితం మీద పెట్టించుకోండి. ఆయనకి మనసొప్పకపోతే సంతకం పెట్టాల్సిన అవసరం అస్సలు లేదు, ఎవరు ఎంత ఒత్తిడి చేసినా. వాయిదా ఎప్పుడో చెప్పండి.


చలిచీమ:

వచ్చే గురువారం అండీ. ఆయన ఇంకా ఏమీ తేల్చుకోలేదు. విరిగిన ముక్క కాగితంలో చుట్టి దాచుకున్నాడు, దాన్ని కోర్టుకి తేవాలా అని అడుగుతున్నాడు.


నల్లకోటు17:

గురువారం అక్కర్లేదు, వూండ్ సర్టిఫికెట్ చాలు, దాని మీద డాక్టరే సాక్ష్యం చెప్తారు. కానీ పారేయొద్దనండి.